సగం ధర కుక్కర్

కుక్కర్ పేలినప్పుడు వంటక్క దాని దగ్గర కూడా లేదు. వంటింటి గట్టుకి రెండో చివర నిలబడి పిల్లల డబ్బాల్లో రొట్టెలు సర్దుతోంది. తెల్లవారకముందే లేచి ఒక ఇంట్లో వంట ముగించి వచ్చింది. ఇక్కడ పని కాగానే ఇంకో ఇంటికి పరుగెత్తాలి. ఈ ఇంట్లో ఇల్లాలికి ఆఫీసు, ఇంటాయనకి బ్యాంకు, పిల్లలిద్దరికీ బడి. నాలుగు డబ్బాలూ ఒక్కసారే మూత పడకపోతే ఆ ఇంట్లో పొద్దు పొడిచినట్టు కాదు.

ఇల్లంతా అదిరిపడే చప్పుడు. మూత పైకప్పుకి కొట్టుకుని ఫ్రిజ్ వెనక్కి పడింది. కుతకుతలాడుతున్న చిక్కుడు గింజలూ నీళ్ళూ వంటక్క ఎడమ భుజం మీద, మెడ మీద, చెవి కింద పడ్డాయి. ఆమెకి వెంటనే మంట తెలియలేదు. చేతిలో ఉన్న డబ్బాకి మూత పెట్టి నొక్కింది కూడా. ఆ తర్వాత గోడకి జారబడింది.

ఇల్లాలు పరుగున వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది. ఆమె నోట వచ్చిన మొదటి మాట ఇది:

"ఎసరు సరిగ్గా పోశావా అసలు?"

ప్రభుత్వాసుపత్రిలో నర్సు బొబ్బల మీద మందు రాస్తూ ఈ మధ్య ఇలాంటి కేసులు ఎక్కువయ్యాయని తనలో తాను గొణుక్కుంది. ఏ కంపెనీ కుక్కరని అడిగింది. వంటక్క చెప్పిన పేరు విని, అంత మంచి కంపెనీదా అని ఆశ్చర్యపోయింది. చేయి పూర్తిగా లేవడానికి చాలాకాలం పడుతుందని, పొయ్యి వేడి తగలనివ్వకూడదని చెప్పి పంపింది. వంటమనిషికి పొయ్యి వేడి తగలకూడదట. చేపని ఒడ్డున పడుకుని విశ్రాంతి తీసుకోమన్నట్టుంది ఆ మాట.

ఆ కుక్కర్ ఇల్లాలి తమ్ముడి కొట్టులోది. బజారంతా అతన్ని సగం ధరల బాబు అంటుంది. పేరున్న కంపెనీ ఇస్త్రీపెట్టె గానీ, నీళ్ళు కాచుకునే రాడ్ గానీ, కుక్కర్ గానీ, అదే పేరుతో, అదే రంగుతో, అదే అట్టపెట్టెలో అతని దగ్గర సగం ధరకి దొరుకుతుంది. సరుకు ఎక్కణ్ణుంచో ఓడల మీద పేరూ ఊరూ లేకుండా వస్తుంది. కొట్టు వెనక గదిలో నలుగురు ఆడవాళ్ళు రోజుకూలీకి కూర్చుని వాటికి పేర్లు అంటిస్తారు. పరీక్ష చేసి బాగుందని ప్రభుత్వం వేయాల్సిన ముద్ర కూడా చుట్టలు చుట్టలుగా అచ్చయి వస్తుంది. పొద్దున అనాథగా దిగిన కుక్కర్ సాయంత్రానికి గొప్పింటి బిడ్డయి అద్దాల బీరువాలో కూర్చుంటుంది.

కొనేవాళ్ళకి అనుమానం లేదని కాదు. తిప్పి చూస్తారు, గోటితో గీకి చూస్తారు, అసలుదేనా అని అడుగుతారు. అసలుకీ నకలుకీ తేడా మీ పర్సుకి తెలుస్తుంది గానీ కూరకి తెలుస్తుందా అమ్మా అని అతను నవ్విస్తాడు. ఇస్త్రీపెట్టె షాక్ కొడుతోందని వెనక్కి తెచ్చినావిడకి, రబ్బరు చెప్పులు వేసుకుని ఇస్త్రీ చేసుకోమని సలహా ఇచ్చాడు. ఆవిడ ఇంటికెళ్ళి అలాగే చేసింది. నెల జీతంలో ఇంకో ఇస్త్రీపెట్టెకి చోటు లేనివాళ్ళు అంతకంటే ఏం చేస్తారు? తమ ప్రాణానికి తామే సగం ధర కట్టుకుని బతుకుతారు.

ఆ సాయంత్రం వంటింటి గోడలు కడుగుతూ ఇంటాయన ఫ్రిజ్ వెనక నుంచి మూత బయటికి లాగాడు. ఆవిరి మితిమీరినప్పుడు కరిగి దారి ఇవ్వాల్సిన చిన్న బిళ్ళ ఒకటి కుక్కర్ మూతకి ఉంటుంది. దీనికీ ఉంది, పైవైపు మాత్రమే. వెనక్కి తిప్పి చూస్తే అక్కడ రంధ్రమే లేదు. రేకునే బిళ్ళ ఆకారంలో ఉబ్బెత్తుగా నొక్కి, పైన ఎర్రరంగు పూశారు. ఆయన దాన్ని భార్య చేతికిచ్చాడు. ఆమె ఆ ఎర్రరంగుని గోటితో గీకి చూసింది.

"మా నాన్న ఇల్లు తాకట్టు పెట్టి పెట్టిన కొట్టు అది. ఈ మాట బయటికి పొక్కితే మావాళ్ళు బజారున పడతారు. మీకు దణ్ణం పెడతాను" అంది.

ఆయన మూతని పాత పేపర్లో చుట్టి వీధి చివర చెత్తకుండీలో వేసి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఎవరి జోలికీ పోని మంచివాడని వీధిలో పేరు. మంచివాళ్ళు పొట్లం కట్టి పారేసిన నిజాల మీదే సగం ధరల బాబులు మేడలు లేపుతారు.

ఇక నోళ్ళకి పని దొరికింది. వంటక్క ఫోన్లో కబుర్లు చెప్పుకుంటూ ఎసరు పోయడం మర్చిపోయిందని ఇల్లాలు పక్కింటావిడతో అంది. పక్కింటావిడ దానికి తాలింపు పెట్టింది. వారం తిరక్కుండా మిగతా రెండిళ్ళవాళ్ళూ వేరే మనుషుల్ని పెట్టుకున్నారు. చేయి నయమయ్యాక చూద్దాంలే అన్నారు గానీ, ఆ గొంతులు వింటే చూడబోరని తెలిసిపోతోంది. కూరగాయల బండి దగ్గర ఎవరో, "పాపం, నీ ఖర్మ గానీ, కాస్త చూసుకోవద్దూ?" అన్నారు. ఆ మాట వంటక్కని కాలిన చోటకంటే ఎక్కువ మండించింది.

అంతకంటే ఘోరం, ఆమె కూడా దాన్ని సగం నమ్మింది. చాప మీద పడుకుని ఆ పొద్దుటి పనిని మళ్ళీ మళ్ళీ నెమరేసుకునేది. గింజలు కడిగింది. నీళ్ళు పోసింది. పోసిందా? పోసినట్టే గుర్తు. ఆ కుక్కర్ మొదట్నుంచీ తిన్నగా విజిల్ వెయ్యడం లేదని, మూత పక్కల్నుంచి ఆవిరి చిమ్ముతోందని తానే ఇల్లాలికి రెండు మూడుసార్లు చెప్పింది. కొత్త వస్తువు కదా, నీకు అలవాటు కాలేదు అని ఇల్లాలు కొట్టిపారేసింది. ఇన్నేళ్ళు వంట చేసిన చేతికి కుక్కర్ అలవాటు కాకపోవడమేమిటని అప్పుడు తట్టలేదు. పెద్దవాళ్ళ మాట కదా అని తన తప్పే వెతుక్కుంది.

మార్కెట్లో బస్తాలు మోసే ఆమె మొగుడు గొడవకి భయపడే మనిషి. ఆకు వెళ్ళి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా చిరిగేది ఆకేనన్నాడు. చిరిగితే చిరిగిందిలే, ముల్లు విసిరినవాడు ఎవడో అడక్కూడదా అని వంటక్క గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇలా ఉండగా ఇల్లాలు కబురు పెట్టింది. చేయి బాగయ్యేదాకా కూతుర్ని పంపమని, జీతం తగ్గించనని, ఇంటి మనుషుల్లా చూసుకున్నదాన్ని వదిలెయ్యలేనని. ఆ మాటకి వంటక్క కళ్ళు చెమర్చాయి. కూతురు కుట్టుపని నేర్చుకుంటోంది. బ్లౌజు చేతులు ముడత పడకుండా అతకడం ఈ మధ్యే పట్టుబడింది. క్లాసు మానేసి వంటకి వెళ్ళడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం తల్లి మెడకి మందు రాస్తూ కూతురు ఆ ఇంటి కబుర్లు చెబుతోంది. చిన్నవాడు గోడల మీద బొమ్మలు గీస్తున్నాడట. ఇంటాయన ఎవరితోనూ మాట్లాడడం లేదట. అమ్మగారు మాత్రం చాలా జాగ్రత్త మనిషట.

"ఏం జాగ్రత్త?" అంది వంటక్క.

"కుక్కర్ పెట్టానని చెప్పగానే పిల్లల్ని ముందు గదిలోకి తీసుకుపోయి వంటింటి తలుపు వేసేస్తారమ్మా. మూడు విజిల్స్ అయ్యాక చెప్పు, అప్పుడు తీస్తాను అంటారు."

వంటక్క తల తిప్పింది. ఏ కుక్కరని అడిగింది. కొత్తదేనని, అమ్మగారి తమ్ముడే తెచ్చిచ్చాడని, డబ్బులు కూడా తీసుకోలేదని కూతురు చెప్పింది.

"తలుపు వేసినప్పుడు నువ్వెక్కడుంటావు?"

"నేను లోపలే ఉంటానుగా" అంది కూతురు. వింత ప్రశ్న అడిగినట్టు చూసింది.

వంటక్క కూతురి చేతిని పక్కకి తోసి లేచి కూర్చుంది. తను ఎసరు పోసిందా లేదా అన్న సందేహం ఆ క్షణంలో ఎగిరిపోయింది. వాళ్ళకి తెలుసు. తెలిసే తన మీద నింద వేశారు. తెలిసే తన బిడ్డని ఆ పొయ్యి ముందు నిలబెట్టి, తమ బిడ్డల్ని తలుపు అవతల దాచుకుంటున్నారు. వదిలెయ్యలేనన్న మాటకి అర్థం ఇదన్నమాట.

మర్నాడు ఆదివారం. కూతురి వెంట వంటక్క కూడా బయల్దేరింది. మొగుడు గుమ్మంలో అడ్డంగా నిలబడి వద్దన్నాడు గానీ, ఆమె ముఖం చూసి తప్పుకున్నాడు.

ఆ ఇంట్లో అందరూ ఉన్నారు. భోజనానికి పిలిచారేమో, సగం ధరల బాబు కూడా ముందు గదిలో కూర్చుని మేనల్లుడికి కొత్త బొమ్మ కారు నడిపి చూపిస్తున్నాడు. వంటక్కని చూసి ఇల్లాలు లేచి, చేయి ఎలా ఉంది, ఎందుకు శ్రమపడి వచ్చావు అని పలకరించింది. వంటక్క నేరుగా వంటింట్లోకి నడిచింది. స్టవ్ మీద కుక్కర్ సిద్ధంగా ఉంది. తళతళలాడుతోంది. అదే పేరు, అదే ఎర్రబిళ్ళ.

కూతురు అలవాటుగా లైటర్ అందుకోబోయింది. వంటక్క కుడిచేత్తో దాన్ని తీసుకుంది.

"ఇది నా కూతురు ముట్టించదు అమ్మగారూ."

ఇల్లాలి ముఖం మాడిపోయింది. నీ తప్పుకి వస్తువునంటే ఎలా అని మొదలుపెట్టి, ఎంత చేసినా విశ్వాసం ఉండదని, ఇందుకే ఎవర్నీ నెత్తినెక్కించుకోకూడదని అంది. ఆ గొంతు విని తమ్ముడు లేచొచ్చాడు. ఇంటాయన అతని వెనక వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. సంగతి తెలుసుకుని బాబు నవ్వాడు. బేరాలు చేసి చేసి అరిగిన నవ్వు.

"ఊళ్ళో వెయ్యి ఇళ్ళల్లో ఉంది ఈ కుక్కర్. అందరూ చచ్చిపోయారా?"

"నాకు ఊళ్ళో సంగతి తెలీదు బాబుగారూ. తలుపు సంగతి తెలుసు" అంది వంటక్క. లైటర్ అతని ముందుకి చాచింది. "మీ సరుకేగా. మీరే ముట్టించండి. మూడు విజిల్స్ వచ్చేదాకా ఇక్కడే నిలబడండి. మీ పక్కన నేనూ నిలబడతాను. నా కూతురు ముందు గదిలో ఉంటుంది, మీ పిల్లలతో పాటు."

ఇల్లాలు తమ్ముడి వైపు చూసింది. వద్దనలేదు, ముట్టించమనలేదు. బాబు భుజాలెగరేసి లైటర్ అందుకుని టక్కున నొక్కాడు. నీలిమంట లేచింది. చేతులు కట్టుకుని నిలబడి, ఏదో సినిమా సంగతి బావగారితో మొదలుపెట్టాడు. మాట మధ్యలో కుక్కర్ చిన్నగా మూలిగింది. మూత అంచున ఆవిరి బుసకొట్టింది. అతని మాట ఆగిపోయింది. ఒక అడుగు గడప వైపు జరిగాడు. జేబులో మోగని ఫోన్ తీసి చూసుకున్నాడు. ఇల్లాలు చిన్నవాణ్ణి చంకకెత్తుకుని, పెద్దదాని రెక్క పట్టుకుని అప్పటికే హాలు చివరికి వెళ్ళిపోయింది. వంటక్క కూతురు ఒక్కతే వంటింటి గుమ్మం అవతల నిలబడి, వీళ్ళందరూ ఎందుకు వెనక్కి నడుస్తున్నారా అని చూస్తోంది.

వంటక్క కదల్లేదు. కాలిన మెడ మీద చర్మం ఆ వేడికి చిటపటలాడింది. అయినా కదల్లేదు.

గోడకి ఆనుకుని ఉన్న ఇంటాయన రెండంగల్లో వచ్చి, చేయి చాచి స్టవ్ కట్టేశాడు.

"ఎందుకు కట్టేశారు అయ్యగారూ?" అని అడిగింది వంటక్క.

హాలు చివర నుంచి ఇల్లాలు, పిల్లలకి ఆకలవుతోంది, ముట్టించండి అంది. అయినా అక్కణ్ణుంచి ఒక్క అడుగు ముందుకి వెయ్యలేదు. ఇంటాయన చేయి నాబ్ మీదే ఉండిపోయింది. ఆయన ఎవరి ముఖమూ చూడలేదు, చేయి మాత్రం తియ్యలేదు.

ఆ ఇంట్లో పనికి చేరింది మొదలు వంటక్క వంటింట్లో కూర్చుని ఎరగదు. ఇప్పుడు మూలనున్న స్టూలు లాక్కుని, ఆయనకి ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"నిదానంగానే చెప్పండి అయ్యగారూ" అంది. "మీ దయవల్ల ఇప్పుడు నాకు వేరే ఇళ్ళల్లో పని లేదు."