కర్పూరం ఎవరు ఆర్పాలి?

ఆయుధపూజ నాడు గంగాధరం సావుకారు తన నూలు మిల్లు గేటు తెరిపించాడు. లోపల మిషన్లకు పూజ లేదు, పసుపు కుంకుమ లేదు. గేటు పక్కన బల్ల మీద ఊరి అమ్మవారు చౌడమ్మ పటం పెట్టి, దాని ముందు ఇత్తడి పళ్లెంలో కర్పూరం వెలిగించారు. "మిల్లును చెరిపింది యూనియనే" అని అరచేత్తో ఆ కర్పూరం ఆర్పి ప్రమాణం చేసినవాళ్లకే మళ్లీ పని. సావుకారు కొడుకు తేజేశ్వర్ సెల్‌ఫోన్‌లో ఒక్కొక్కరినీ వీడియో తీస్తున్నాడు.

ఆదోని చుట్టుపక్కల కర్పూరం ఆర్పి చెప్పిన మాటకు తిరుగులేదు. పొలం గట్టు తగాదాలు కూడా దానితోనే తెగుతాయి. అది తెలిసే పెట్టించాడు ఆ పళ్లెం.

ఈరక్క వరసలో నిలబడింది. మిల్లు మూతపడి రెండు నెలలు. భర్త సుంకన్న దూది దుమ్ముకు ఊపిరి పాడై మంచం పట్టాడు. ఆమె ముందు విశ్వాసమ్మ ఉంది. కండెలు చుట్టే సెక్షన్‌లో ఇద్దరివీ పక్కపక్క మిషన్లు.

"మా చర్చోల్లలో ఒట్టు పెట్టేది లేదు సామీ. అబద్ధపు ఒట్టు అసలే లేదు" అంది విశ్వాసమ్మ.

"అయితే నీకు పని గూడా లేదు, పో" అన్నాడు తేజేశ్వర్.

ఈరక్క ఆమె వైపు చూడలేదు. గబుక్కున ముందుకొచ్చి చెయ్యి పెట్టింది. "మిల్లును చెరిపింది యూనియనే." వేడి చురుక్కుమంది, అరచేతికి మసి అంటింది. కంపెనీ మునిగితే ముందుగా యూనియన్ పేరు ఎలా పైకొస్తుందో తెలియనివాళ్లుంటే, చదువుకునే పిల్లలైనా సరే, ఆ చేతిని చూడండి.

పని మాత్రం రాలేదు. వీడియో వచ్చింది, ఊరంతా తిరిగింది. కూరగాయల అంగట్లో ఈరక్క తన గొంతు తానే వింది. "కూలోల్లే ఒప్పుకున్యారు గదప్పా, ఇంగేముండాది" అంటున్నాడు అంగడాయన. ఫోన్‌లోంచి తలెత్తి ఆమెను గుర్తుపట్టాడు. ఈరక్క సంచి అక్కడే వదిలేసి, కొంగు ముఖాన కప్పుకుని ఇంటికి నడిచింది. బతుకులో అంత సిగ్గు ఆమె ఎన్నడూ పడలేదు.

వారం తిరక్కుండా యూనియన్ కార్యదర్శి నాగరాజ్ రైల్వేగేటు దగ్గర మీటింగు పెట్టాడు.

"సావుకారు మిషన్లు ఇప్పి అమ్ముతాండాడు. స్థలంలో ప్లాట్లేస్తాడంట. లేబర్ ఆఫీసులో అడిగితే మన వీడియోనే మనకు చూపిస్తాండారు."

ముసలి బొజ్జన్న లేచాడు. "సమ్మె సేయకపోయింటే మిల్లు నడుస్తా ఉండె. మీ యూనియనే మా నోట్లో మన్ను కొట్టింది."

గోల లేచింది. ఒకరి మాట ఒకరికి వినపడలేదు. వెనక వరసలో తల వంచుకుని కూర్చున్న ఈరక్క ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు.

"వానకు నానిన పత్తి సగం రేటుకే అగ్గవకొచ్చిందని కొన్నది ఎవరు బొజ్జన్నా? మనమా? ముద్దలు ముద్దలుగా మన చేతికే వచ్చె గదా. నూలు తెగె. పోయిన సరుకు పోయినట్టే వాపసు వచ్చె. తెగిన దారానికి మన కూలి కోసినాడు. అందుకే గదా సమ్మె చేసింది! నీకు తెలీదా? నాకు తెలీదా? అంతా తెలిసి అమ్మోరి ముందర ఆర్పితిని. ముఖమెత్తేదానికి శాతగాక సస్తాండా."

అక్కడున్నవాళ్లలో చాలామంది చెయ్యి పెట్టినవాళ్లే. బొజ్జన్న తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "నేనూ ఆర్పినా" అన్నాడు మెల్లగా. "నేనూ" అంది ఇంకో గొంతు.

మర్నాడు పొద్దున మిషన్ల లారీ గేటు దాటేసరికి రోడ్డంతా జనం. లారీ ముందు నేల మీద పళ్లెం, పళ్లెంలో కర్పూరం. ఈరక్క దాని వెనక కూర్చుంది. విశ్వాసమ్మ కర్పూరం ముట్టలేదు గానీ లారీకి అడ్డంగా కూర్చుంది. డ్రైవర్ ఇంజన్ ఆపేసి దిగాడు. "వెలిగేదాని మీద బండి పోనీయను సామీ, పిల్లలు గలోన్ని."

గంగాధరం కారు దిగి వచ్చాడు.

"ఆర్పు సావుకారూ" అంది ఈరక్క. "మిల్లును చెరిపింది యూనియనే అని నీ చేత్తో ఆర్పు. లారీకి దారి ఇడుస్తాం."

కార్తీక సోమవారాలు మహానంది తప్పని మనిషి ఆయన. చెయ్యి నడుము దాకా లేచింది. అక్కడే ఆగింది. ఉత్తరీయం సర్దుకుని, వెనక్కి తిరిగి పోలీసులకు ఫోన్ చేశాడు. కర్పూరం సన్నబడుతుంటే బొజ్జన్న జేబులోంచి ఇంకో బిళ్ల తీసి వేశాడు.

పోలీసులు నాగరాజ్‌ను, ఈరక్కను, విశ్వాసమ్మను ఈడ్చి వ్యాన్‌లో వేశారు. జనం నినాదాలతో ఊగిపోతున్నారు. ఈరక్క మాత్రం ఏడుస్తోంది.

"గెలిస్తిమి గదక్కా, ఎందుకేడుస్తావు?" అన్నాడు నాగరాజ్.

"అంత పాపిష్టోడు గూడా అబద్ధానికి చెయ్యి పెట్టేదానికి భయపడె. నేను భయపడలేదు గదన్నా."

విశ్వాసమ్మ ఆమె వైపు తిరిగింది. "ఆ పొద్దు నువ్వు నా దిక్కు గూడా సూడలే" అంది.

"సూడలేకపోతి."

"ఇప్పుడు సూడు" అని వ్యాన్ కిటికీ జాలీలోంచి రోడ్డు వైపు చూపించింది. పళ్లెం తియ్యబోతున్న కానిస్టేబుల్‌కు అడ్డంగా, ఆ రోజు చెయ్యి పెట్టినవాళ్లంతా చుట్టూ మూగి కూర్చున్నారు. ఈరక్క లేచిన చోట బొజ్జన్న కూర్చుని ఉన్నాడు. లారీ కదల్లేదు.