మామిడి వాసన పట్టిన మిజ్విజ్

మా ఆయన దైఫల్లా మిజ్విజ్ ఊదడం మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. రెండు రెల్లు గొట్టాలను మైనంతో అతికిస్తే అయ్యే వాయిద్యం అది. బుగ్గల్లో గాలి దాచుకుని, అది వదులుతూనే ముక్కుతో కొత్త గాలి పీల్చాలి. చేతులు పట్టుకుని దబ్కే నాట్యం ఆడే వరస అలిసేదాకా పాట తెగకూడదు. తెగితే ఊదేవాడి పరువు పోతుంది.

మార్చిలో ఆ పరువు పోయింది. మా ఆడపడుచు కొడుకు పెళ్ళిలో పాట మధ్యలో దగ్గు తెర వచ్చింది. నలభైమంది మగాళ్ళు ఒక్కో కాలు గాల్లో పెట్టుకుని నిలబడిపోయారు. ముప్పై ఏళ్ళు రోజుకు రెండు సిగరెట్టు పెట్టెలు ఊదేసిన మనిషికి ఊపిరి ఎక్కడ మిగులుతుంది? ఇంటికొచ్చి మిజ్విజ్‌ని పరుపుల కింద దాచేశాడు.

ఆగస్టులో మా అమ్మాయి రనీమ్ పెళ్ళి. అది తండ్రి ఎదురుగా కూర్చుని తేల్చి చెప్పింది.

"బాబా, నా పెళ్ళికి నువ్వే ఊదాలి. అబ్బాయి వాళ్ళు కీబోర్డు పెట్టిస్తామంటున్నారు. ఆ పెట్టె మోగిందా, నేను గదిలోంచి బయటికి రాను."

అనడమే కాదు, ఇర్బిద్ పట్నం వెళ్ళి మామిడి వాసన ఈ-సిగరెట్టు ఒకటి కొని తండ్రి మెళ్ళో వేసింది. సిగరెట్లు ఆగిపోయాయి. రెండు నెలల్లో దగ్గు తగ్గింది. కొండమీది ఆలివ్ తోటకు ఎక్కడా ఆగకుండా ఎక్కి వెళ్తున్నాడు. నాకు ఎంత సంతోషమో! కానీ సిగరెట్టుకైతే ఓ చివర ఉంటుంది, ఇంతవరకు వచ్చి ఆరిపోతుంది. దీనికి అదీ లేదు. మేక పాలు పిండుతూ పీలుస్తాడు, చెప్పులు వేసుకుంటూ పీలుస్తాడు.

"ఏమయ్యా, అదేమన్నా తాయెత్తా, ఇరవైనాలుగ్గంటలూ మెళ్ళో వేలాడదీశావు?"

"ఇది పొగ కాదే ఫిద్దా, ఆవిరి."

"ఆవిరైతే బియ్యం పెట్టు, ఉడుకుతాయేమో చూద్దాం."

ఇంటికెవరైనా వస్తే పాపం జేబు తడుముకునేవాడు. వచ్చినవాడికి సిగరెట్టు ఇవ్వకపోతే మర్యాద కాదు, అలాగని ఈ ఎంగిలి గొట్టం ఎవడు తీసుకుంటాడు?

పెళ్ళి ఐదు రోజులుందనగా మిజ్విజ్ మూగబోయింది. ఊపిరి బ్రహ్మాండంగా ఉంది, గొట్టం మాత్రం కుయ్‌మని ఆగిపోతోంది. మైనం పాడైందన్నాడు, వడగాలి అన్నాడు. కొత్త రెల్లు కోసి, గాలికి అదిరి పలికే నాలుకలు చెక్కాడు. రెండు పాటలకే అవీ అంతే. నేను గొట్టం లాక్కుని నాలుక మీద వేలు పెట్టి చూశాను. జిగురు. వాసన చూస్తే మామిడి పండు.

"నువ్వు పీల్చిన ఆవిరంతా దీని నోట్లోకి పోతోందయ్యా! ఇంకో వారమైతే చీమలు కూడా పట్టేవి."

దైఫల్లా తనూ వేలు పెట్టి, వాసన చూసుకున్నాడు.

"సిగరెట్టు తాగితే గొట్టం పలుకుతుంది, నా ఊపిరి పలకదు. ఇది పీలిస్తే నా ఊపిరి పలుకుతుంది, గొట్టం పలకదు. ఏం చెయ్యమంటావు?"

ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలుసు. ఈ-సిగరెట్టు తీసి రనీమ్ చేతికిచ్చేశాడు.

అప్పట్నుంచి పెళ్ళిదాకా మా ఇంట్లో ఎవరూ ఉండలేకపోయాం. మేకతో పోట్లాట, తలుపు గొళ్ళెంతో పోట్లాట. పొద్దుతిరుగుడు గింజలు నమిలి నమిలి గడప దగ్గర పొట్టు గుట్ట పోశాడు. సిగ్గువిడిచి చెబుతున్నాను, నాకు నమ్మకం పోయింది. ఆయనకు తెలియకుండా కీబోర్డు వాయించే మునీఫ్‌కి ఫోన్ చేసి, వైర్లు సిద్ధంగా పెట్టుకో నాయనా అన్నాను.

శుక్రవారం పెళ్ళి భోజనాలయ్యాక వరస కట్టారు. దైఫల్లా మిజ్విజ్ నోట పెట్టుకున్నాడు. ఒక చుట్టు, రెండు చుట్లు, పది. గొట్టం గొంతు గలగలా సాగుతోంది. పాట నచ్చినప్పుడు ఊదేవాడి చెవిలో సిగరెట్టు దోపడం మా మగాళ్ళ మర్యాద. రెండు చెవులూ నిండిపోయాయి. ఎక్కడ ఒకటి తీసి వెలిగిస్తాడోనని నా చూపంతా వాటిమీదే. పదిహేనో చుట్టుకు ఆయన ముఖం టమాటా పండైంది.

మునీఫ్ ప్లగ్గు చేత్తో పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"అత్తా, పెట్టెయ్యమంటావా?"

ఇంతలో రనీమ్ పెళ్ళి గౌను ఎత్తిపట్టుకుని తండ్రి దగ్గరికి పరుగెత్తి గుప్పిట విప్పింది. అందులో ఆ ఈ-సిగరెట్టు.

"బాబా, ఇంక చాల్లే. నా ముచ్చట తీరింది. ఒక్క దమ్ము లాగు, ఎవరూ ఏమీ అనుకోరు!"

ఆయన నోరు ఖాళీగా లేదు. బుగ్గలు బూరెల్లా ఉన్నాయి. కనుబొమ్మలు రెండూ పైకెత్తాడు. మావైపు వద్దనడానికి అది చాలు. రనీమ్ నవ్వుతూ, ఏడుస్తూ ఆయన చెవుల్లోని సిగరెట్లు ఒక్కొక్కటే పీకి వరసలో ఉన్నవాళ్ళకు పంచేసింది.

"ఆ వైరు చుట్టేసుకో నాయనా" అన్నాను మునీఫ్‌తో. "వెళ్ళి వరసలో చెయ్యి కలుపు. మా ఆయన ఇప్పట్లో ఆపడు."