ఎంకటి మోసిన పాపం

దొంకేశ్వర్ దగ్గర ప్రాజెక్టు బ్యాక్‌వాటర్‌లో మా ఆయనను ముంచి లేపినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నీలవ్వ. నాకైతే ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది, అబద్ధమెందుకు? కొన్నాళ్లుగా ఒక్క పూట కుదురుగా అన్నం తినని మనిషి నీళ్లలోంచి లేచి పసిపిల్లాడిలా నవ్వుతుంటే ఏ పెళ్లానికి ఏడుపు రాదు? "పాత భూమేశ్వర్ గీ నీళ్లల్లనే చచ్చిపోయిండు. ఒడ్డెక్కేటోడు కొత్త మనిషి" అన్నాడు పాస్టరయ్య. పెర్కిట్‌లోని మా ప్రార్థన మందిరం నుంచి ఆటోల్లో వచ్చిన వాళ్లంతా స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

నీలవ్వ మొగుడు ఎంకటి, మా ఆయన కలిసి ఆర్మూర్‌లో పసుపు పాలిష్ డ్రమ్ము నడిపేవాళ్లు. ఉడికించి ఎండబెట్టిన పసుపును ఆ పెద్ద ఇనుప డ్రమ్ములో పోసి ట్రాక్టరుతో తిప్పితే పైపొట్టు రాలిపోయి కొమ్ములు నిగనిగలాడతాయి. పోయిన సీజనులో ఒకరోజు రత్నవ్వ అనే కూలిమనిషి, అడుగున మిగిలిన కొమ్ములు తీయడానికి డ్రమ్ము తలుపులోంచి నడుం దాకా లోపలికి వంగింది. అప్పుడే డ్రమ్ము తిరిగింది. దవాఖానకు చేరకముందే ఆమె ప్రాణం పోయింది. ఆ సమయంలో ట్రాక్టరు సీటు మీద ఉన్నది ఎంకటి. కల్లు తాగి, స్టీరింగు మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. జనం కిందికి గుంజి కొడుతుంటే ఎందుకు కొడుతున్నారో కూడా అతనికి తెలియదు. నిద్రలో నీ చెయ్యే డ్రమ్మును తిప్పే రాడ్డుకు తగిలిందని అందరూ అన్నారు. అంతే కాబోలు అనుకున్నాడు.

ఆ తర్వాత ఎంకటి కల్లు ముట్టలేదు, కంటినిండా నిద్రపోలేదు. బెయిలు మీద వచ్చి ఇంట్లో కూర్చున్నాడు. మందిరానికి రమ్మంటే రాడు. "శిక్ష పడినంక వస్త. మనిషిని చంపినోణ్ని, దేవుని ముంగటికి ఏం మొకం పెట్టుకొని రావాలె?" అంటాడు. నీలవ్వ మాత్రం ప్రతి ఆదివారం మోకాళ్ల మీద పడి, మొగుడి పాపం క్షమించమని గొంతు పోయేదాకా ఏడ్చేది. మా ఆయన బాప్తిస్మం తీసుకున్నది ఆదివారం. తెల్లారితే ఆర్మూర్ కోర్టులో ఎంకటికి వాయిదా. తప్పు ఒప్పుకుంటానని వకీలుకు ముందే చెప్పేశాడు.

మా ఆయన తుమ్మచెట్ల చాటున తడి బట్టలు మార్చుకుంటున్నాడు. నేను తువ్వాల పట్టుకుని నిలబడ్డాను.

"సాయవ్వా, ఇగ నీకు చెప్తే ఏంగాదు. గా దినం డ్రమ్ము తిప్పింది నేనే."

నాకు వెంటనే బుర్రకెక్కలేదు.

"ఎంకటి పండుకున్నడు. నేను ఫోన్ల మాట్లాడుకుంట పక్కనుంచి చెయ్యి పెట్టి రాడ్డు ఏసిన. రత్నవ్వ బయటికొచ్చింది అనుకున్న. మంది ఉరికొచ్చేసరికి అంత ఎంకటి మీదికి పోయింది. నేనేం మాట్లాడలే. గుండెల మస్తు బరువుండె. ఇయ్యాల మొత్తం కడుక్కపోయింది."

చెబుతూ నవ్వుతున్నాడు! ఆ తువ్వాల నోట్లో కుక్కుదామన్నంత కోపం వచ్చింది నాకు.

"మరి ఎంకటి?"

"ఎంకటికి గూడ దేవుడున్నడు."

"రేపు జైలుకు పోతడయ్యా వాడు!"

"నేనేం జెయ్యాలె? గా పని జేసిన భూమేశ్వర్ లేడు గదా. పాస్టరయ్య నీ ముంగటనే అన్నడు. చచ్చినోని తప్పు తెచ్చి కొత్తోని మీద ఎట్ల ఏస్తవ్?"

తెలివి మీరి అన్నాడనుకుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. నిజంగా నమ్మే అన్నాడు. నాకు భయం వేసింది అందుకే. ఒక ఆయన అందరి పాపం మోశాడని మందిరంలో వారం వారం వింటాం. ఆయన తెలిసి మోశాడు, కావాలని మోశాడు. ఎంకటికి మాత్రం నిద్రలో ఉండగా నెత్తికెత్తారు. ఎత్తినవాడు నా మొగుడు.

చొక్కా పట్టుకుని ఈడ్చుకుపోయి పాస్టరయ్య ముందు నిలబెట్టాను. ఆయన ఒడ్డున భోజనాల పంక్తిలో విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. నేను అంతా చెప్పేసరికి ఆయన చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది.

"నా మాటనే అడ్డం పెట్టుకుంటున్నవా భూమేశ్వర్?" అన్నాడు మెల్లగా. "దేవుడు క్షమించేటోడే, గది నిజమే. మరి ఇయ్యాల పుట్టినోడు మొదటి దినమే అబద్ధంతోటి బతుకు షురూ జేస్తడా?"

మా ఆయన మొహంలో నవ్వు పోయింది. వెనక పప్పుచారు బకెట్టుతో నీలవ్వ నిలబడి ఉందని నేను అప్పుడే చూశాను. బకెట్టు కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"నా మొగని దిక్కు ఈపు పెట్టి పండుకుంటున్ననక్కా, గా దినం సంది" అంది. మా ఆయన వైపు చూడనే లేదు.

ముగ్గురం ఒకే ఆటోలో నీలవ్వ వాళ్లింటికి పోయాం. ఎంకటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ముంచిండ్రా భూమన్నా? మంచిగైంది" అన్నాడు మనస్ఫూర్తిగా. మా ఆయన నిలబడే అంతా చెప్పాడు. ఎంకటి విని తల అడ్డంగా ఊపాడు.

"నీది మంచి మనసన్నా. బాప్తిస్మం తీసుకున్నవ్ గాబట్టి నా పాపం నువ్వు మోస్తనంటున్నవ్. వద్దు. నా చెయ్యే తగిలింది."

మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నేనెరుగుదును. చెప్పాల్సింది చెప్పాను, నమ్మకపోతే నేనేం చేస్తాను అనే చూపు. తప్పించుకుంటే అక్కడే తప్పించుకునేవాడు. తోవ ఖాళీగానే ఉంది.

"ఒక్కటి చెప్పు భూమన్నా" అన్నాడు ఎంకటి. "రత్నవ్వ ఒర్లిందా, మొత్తుకుందా? ఎంత యాదికి తెచ్చుకుందామన్న వస్తలేదు. చంపినోనికి గదన్న యాదుండాలె గదా."

మా ఆయన నేల మీద కూర్చున్నాడు.

"ఒర్లింది. 'భూమన్నా, ఆపు' అని నన్నే పిలుచుకుంట ఒర్లింది. రాడ్డు నా చేతులనే ఉండె ఎంకటీ. గుంజితే డ్రమ్ము ఆగుతుండె. గుంజలే. ఇడిసిపెట్టి పసుపు కుప్పెనకకు ఉరికిన."

ఈ మాట నాకు చెప్పలేదు. నీళ్లలో మునిగినప్పుడు దేవుడికైనా చెప్పాడో లేదో. చెప్పాక ఏడ్చాడు చూడండి, అలాంటి ఏడుపు మగవాళ్లలో నేనెప్పుడూ వినలేదు. మా ఆయన నిజంగా మళ్లీ పుడితే అక్కడే, ఆ మట్టిలోనే పుట్టి ఉంటాడు.

ఎంకటి కొట్టలేదు, తిట్టలేదు. "నన్ను మన్నించు" అని మా ఆయన కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు.

"గది రత్నవ్వనడుగు. పొద్దుగాల కోర్టుకు రా." అంతే అన్నాడు. లేచి లోపలికి పోయి మంచం మీద వాలాడు. మేం ఇంకా అరుగు ముందు ఉండగానే గురక వినిపించింది. మిట్టమధ్యాహ్నం. నీలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఆ గురక విన్నది. తర్వాత చప్పుడు కాకుండా మా మొహాల మీద తలుపు వేసింది.

తెల్లారి కోర్టుకు మా ఆయనను నేనే వెంటబెట్టుకుని పోయాను. దారి పొడుగునా చెయ్యి వదల్లేదు. ప్రేమతో పట్టుకున్నానో, పారిపోతాడని పట్టుకున్నానో నాకే తెలియదు.