బోణీ కాకముందే

ఇలా దగ్గరికి జరగండర్రా, బుడాన్ సంగతి చెబుతాను.

గుంటూరు మిరపయార్డులో తెల్లారకముందే దిగాడాయన. యూనివర్సిటీలో దాతల్ని చూసుకునే ఆఫీసులో గుమాస్తా. సన్నటి మనిషి, మోకాళ్ళ దగ్గర మెరుపెక్కిన ప్యాంటు, ఒకచోట నిలవని కాళ్ళు. దాతల ఇళ్ళల్లో పెళ్ళయినా చావయినా ముందే వెళ్ళి కుర్చీలు సర్దేవాడు. నోరు తెరిచి ఏనాడూ అడిగి ఎరగడు. వాళ్ళే పిలిచి ఇచ్చేవాళ్ళు.

ఆ రోజుతో ఉద్యోగం సరి, రిటైర్మెంటు. చూస్తే ఆడపిల్లల హాస్టల్లో బోరు ఎండిపోయింది. ట్యాంకరు రాని పూట పిల్లలు బిందెలు పట్టుకుని లారీల మధ్య రోడ్డు దాటుతున్నారు. రేపట్నించి దాతలకి ఫోన్లో మెసేజులే పోతాయట, మనుషులు పోరట. ఆ తొందర ఆయన్ని తినేస్తోంది.

అందుకే పాత దాత, కమీషన్ కొట్టు యలమందయ్య ఇంకా అగరొత్తులు వెలిగిస్తుండగానే అడిగేశాడు.

"హాస్టలుకి కొత్త బోరు వేయించాలండీ."

యలమందయ్య చెయ్యి ఆగిపోయింది. "బోణీ కాకముందే అడిగేశావేంటయ్యా? ఇన్నేళ్ళుగా వస్తున్నావు, నీకూ చెప్పాలా? వెళ్ళు, అవతల కూర్చో!"

హమాలీలు నవ్వారు. "సాయిబుగారూ, ఇవాళ బేరం తెగకపోతే మీ మీదకే వస్తది!"

బుడాన్ భుజం మీది తువ్వాలు మేకుకి తగిలించి బస్తాల మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. కొనేవాళ్ళు రావడం, గుప్పెడు కాయ తీసి విరిచి చూడటం, పెదవి విరిచి పోవడం. ఎవరు మెట్లు దిగినా ఈయన మెడ చాచి చూసేవాడు. రొమ్ములో మంటని మిరప ఘాటే అనుకున్నాడు.

పొద్దు వాలాక బేరం తెగింది.

"ఏం సాయిబూ, ఇంకా ఇక్కడే ఉన్నావా? అన్నమన్నా తిన్నావా?"

"మీరు అవతల కూర్చోమన్నారుగా."

యలమందయ్యకి నవ్వొచ్చింది. "బోరు నేను వేయిస్తాలే. నీళ్ళు పడ్డ రోజు మాత్రం నువ్వు ముందుండాలి."

"అలాగేనండీ."

ఇంటికి సత్తెనపల్లి బస్సెక్కి కిటికీకి తల ఆనించాడు. ఊరొచ్చాక కండక్టరు లేపితే లేవలేదు.

నీళ్ళు పడ్డాయి. రాతిపలక మీద యలమందయ్య పేరుంది, వైస్ ఛాన్సలరు గారి పేరుంది. బుడాన్ పేరు లేదు. అందుకే అడుగుతున్నా, మీరన్నా గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకీ చెప్పండి.

ఆ కొట్లో ఆ రోజు బుడాన్ మరిచిపోయిన తువ్వాలు, యలమందయ్య ఎవర్నీ ముట్టుకోనివ్వడు, ఇంకా మేకుకే వేలాడుతోంది, మిరప దుమ్ము పట్టి ఎర్రగా.