పైనుంచి వచ్చే వైరు

సుల్తాన్‌పూర్‌లోని సిరంజీల ఫ్యాక్టరీలో క్వాలిటీ రిపోర్టులు చూసే శివకుమార్, అప్పుడప్పుడు ఇంట్లో కూర్చుని పని చేసుకోవచ్చని కొత్త కంప్యూటర్ కొన్నాడు. పాతది నత్తలా నడిచేది. తీరా చూస్తే ఇదీ అంతే. నెట్‌లో ఒక్క ఫైలు తెరవమంటే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఆదివారం నాడు, ఫ్యాక్టరీలో కంప్యూటర్లు బాగుచేసే జునైద్ వచ్చాడు. సెట్టింగులన్నీ తిరగేశాడు. ఫలితం లేకపోయింది. చివరికి బ్యాగులోంచి పొట్టి కేబుల్ తీసి తన ల్యాప్‌టాప్‌ను కొత్త కంప్యూటర్‌కు కలిపాడు. పెద్ద ఫైలొకటి కళ్ళు మూసి తెరిచేలోగా ఇటు నుంచి అటు వెళ్ళిపోయింది.

"మిషన్ల ఏం లేదు భయ్యా, మంచిగుంది. కిటికీలకెల్లి వచ్చే ఆ పొడుగు వైరే ఖరాబైంది. రౌటర్ యాడుంది?"

చాయ్ తెచ్చిన అతని భార్య నిషిత, పైకప్పు వైపు చూసి తల దించుకుంది.

పై అంతస్తులో ఉండేది అతని అన్న పెంటయ్య. అంతా కలిసి ఉన్నప్పుడు తీసుకున్న నెట్ కనెక్షన్ అది, రౌటరూ అక్కడే ఉంది. తల్లి దినాల నాడు కొండాపూర్ పొలం అమ్మే విషయంలో మాటా మాటా పెరిగి, శివకుమార్ చుట్టాలందరి ముందు అన్నను అనరాని మాట అన్నాడు. రెండేళ్ళుగా పలకరింపుల్లేవు. మెట్లు ఇంటి బయట నుంచే కాబట్టి ఎదురుపడకుండా తప్పించుకోవడం తేలికైపోయింది. అయినా కిందికొచ్చే వైరును మాత్రం పెంటయ్య తెంపలేదు.

"నువ్వే పోయి సూసిరారాదు," అన్నాడు శివకుమార్.

"నేనొక్కన్నే ఎట్ల పోత? ఎవరు నువ్వు అనడిగితే ఏం చెప్పాలె? దా, నడువ్."

తలుపు తీసిన వదిన అరుణమ్మ మరిదిని చూసి పక్కకు జరిగింది.

ముందు గదిలో కిటికీ కింద, ఆసుపత్రుల్లో ఉండేలాంటి ఇనుప మంచం. దాని మీద పడుకున్నది అన్నేనని పోల్చుకోవడానికి శివకుమార్‌కు కొంతసేపు పట్టింది. బుగ్గలు లోపలికి పోయాయి. పొట్ట మాత్రం ఉబ్బి దుప్పటిని పైకి లేపింది.

జునైద్ వంగి చూశాడు. మంచం కోడు సరిగ్గా వైరు మీదే దిగబడి, దాన్ని నలిపేసింది. "గిదే భయ్యా," అన్నాడు గొంతు తగ్గించి.

పెంటయ్య కళ్ళు తెరిచాడు. "నెట్టు కోసం వచ్చినవారా? నాకు తెల్వలే. గాలి తగుల్తదని మంచం ఇటు జరిపిచ్చుకున్న. జెర ఎత్తి తీస్కోండ్రి."

ఇద్దరూ మంచం ఎత్తబోయారు. అంత మాత్రానికే పెంటయ్య మూలిగాడు. శివకుమార్ చేతులు తీసేశాడు.

"వద్దన్నా. ఉండనీ."

"లివర్ మొత్తం పోయింది, శివా," అంది అరుణమ్మ గోడ వైపు చూస్తూ. "ఇంటికి తీస్కపొమ్మన్నరు డాక్టర్లు. నీకు చెప్పొద్దని మీ అన్న ఒట్టేపిచ్చుకున్నడు."

కిందికొచ్చి భార్యను నిలదీశాడు. "నీకు ఎరికేనా?"

"ఎరికే. ఎన్నిసార్లు చెప్పబోయిన? పైన సంగతి ఎత్తంగనే నోరు మూయించినవ్," అంది నిషిత. ఆమె గొంతులో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ బాధించింది.

జునైద్ వేరే వైరు గోడ వెంబడి దింపి వెళ్ళాడు. కంప్యూటర్ దౌడు తీసింది. శివకుమార్ దాని ముందు కూర్చోలేదు. సెలవు పెట్టి పైనే ఉండిపోయాడు. చెంచాతో నీళ్ళు పట్టాడు, పక్క మీద అటూ ఇటూ ఒత్తిగిలించాడు. చెప్పాల్సిన మాట రోజూ నాలుక దాకా వచ్చి ఆగిపోయేది.

ఒక మధ్యాహ్నం వదిన బట్టలు ఆరేయడానికి వెళ్ళినప్పుడు, అన్న చెవి దగ్గరికి వంగాడు.

"అన్నా, ఆనాడు నోరు జారిన. తప్పైంది నాది."

పెంటయ్య చూపు ఎక్కడో ఉంది. "మోటర్ బంద్ చేసినవారా? మడి నిండింది గదా," అన్నాడు.

ఏ నాటి మడిలో, ఏ నీళ్ళ మధ్య ఉన్నాడో.

"చేసిన అన్నా," అన్నాడు శివకుమార్.

"మంచిగ చేసినవ్. ఇగ పండుకో."

ఆ తర్వాత పెంటయ్య తెలివిలోకి రాలేదు. శుక్రవారం పొద్దున అరుణమ్మ కేక విని నిషిత పైకి పరుగెత్తింది. పాల ప్యాకెట్ తేవడానికి దిగుతున్న శివకుమార్, అన్న పోయాడని అర్థమై మెట్ల మధ్యలోనే కూర్చుండిపోయాడు.