వెండి పక్కన నలుపు

...అయినా నాలుకకు తగలనిది గుంట ఎలా అవుతుంది? రఘుపతి మాస్కు లోపలే నాలుకను మళ్ళీ ఎడమ దవడ వైపు తిప్పాడు. వెండి నింపిన పన్ను ఎప్పటిలాగే నున్నగా ఉంది. దాని పక్క అంచూ నున్నగానే ఉంది. కానీ నిన్న సాయంత్రం పళ్ళ డాక్టరమ్మ చూపించిన స్కాన్‌లో ఆ వెండి తెల్లగా మండుతూ చుట్టూ గీతలు చిమ్మింది. ఆ తెలుపును ఆనుకుని ఒక నల్లటి మచ్చ.

చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి. సచిన్ పారిశ్రామికవాడలోని ఈ షెడ్డులో అద్దపు బల్ల కింద ట్యూబులైటు వెలుగుతుంటుంది. మగ్గాల నుంచి వచ్చిన బట్ట దాని మీదుగా జారుతుంది. తెగిన పోగు కనబడితే రఘుపతి అంచుకు ఎర్రదారం ముడివేస్తాడు. బల్లకు అవతల దశరథం బట్టను లాగుతూ, వేలాడే పోగులను కత్తిరిస్తాడు. ఇద్దరిదీ సిరిసిల్లే. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకుంటారు.

"ఏం బావా, పొద్దటి సంది నాలిక ఆడిస్తున్నవ్. నోట్ల బాయి తవ్వుతున్నవా ఏంది?"

"ఏం లేదు తియ్యి."

"లోకంల బట్టలన్నిట్ల తప్పులు వడ్తవ్. నీ పన్ను సూసుకోనీకి గంత బుగులా?"

రఘుపతి బట్ట మీదికి వంగాడు. జరీ పట్టీ పక్కన నలుపు కనిపించింది. చేయి ఎర్రదారం దాకా వెళ్ళి ఆగింది. లైటు ఆర్పి, బట్టను వాలుగా ఎత్తి చూశాడు. ఏమీ లేదు. మెరుపు పక్కన కన్ను మోసపోతుంది. ఈ పనిలో చేరినవాళ్ళంతా మొదట నేర్చుకునేది అదే.

కుడివైపు జ్ఞానదంతం పీకడం కోసం తీయించిన స్కాన్ అది. "లోహం ఉన్నచోట దీన్ని పూర్తిగా నమ్మలేం కాకా" అంది డాక్టరమ్మ హిందీలో. "ఈ నలుపు పుచ్చు కావచ్చు, వెండి వల్ల పడ్డ నీడ కావచ్చు. నోట్లో పెట్టి చిన్న ఎక్స్‌రే తీసి, కంటితో కూడా చూస్తే తేలుతుంది." రఘుపతి గబగబా మాస్కు తగిలించుకుని, రేపొస్తానని లేచి వచ్చేశాడు. పుచ్చే అయితే వెండిని తవ్వాలి. పన్ను మిగలకపోవచ్చు. నమలడానికి ఉన్నది ఆ వైపు ఒక్కటే.

తెలియనంతసేపు పన్ను పన్నులాగే ఉంటుంది. మొన్నటి లాక్‌డౌన్‌లో ఊరికి పోయిన భార్య మంగ కొన్నాళ్ళు ఫోను ఎత్తలేదు. ఎందుకని అతను అడగలేదు. ఆమె తిరిగొచ్చింది, జొన్నరొట్టెలు చేసింది, అంతా బాగానే ఉంది. అడగని ప్రశ్నల మీద కూడా ఇల్లు నిలబడుతుందని రఘుపతికి అనుభవమే.

మధ్యాహ్నం దశరథం చేతులు కడుక్కున్నాడు. ఊళ్ళో బీడీలు చుట్టే భార్యకు ఒంట్లో బాగాలేదు. పదిరోజులని చెప్పి సెలవు తీసుకున్నాడు. మహమ్మారి మొదలయ్యాక పదిరోజులని వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు. షెడ్డు గోడకు వరసగా మేకులున్నాయి, మనిషికొకటి. సెలవు మీద పోయేవాడు తన కత్తెరను తన మేకుకే తగిలించి పోతాడు. పని మానేసేవాడు వెంట తీసుకుపోతాడు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. మేకు చూస్తే చాలు.

మళ్ళ వస్తవా అని అడుగుదామని రఘుపతి నోరు తెరిచి, ఇంకొకటి అడిగాడు.

"నీళ్ళ బాటిల్ వెట్టుకున్నవా?"

"వెట్టుకున్న. నువ్వు జర ఆ పన్ను సూపిచ్చుకో. పోంక్ దినాలొచ్చినయ్. నా వంతు గూడ తిను, పన్నుంటె!" నవ్వాడు దశరథం. "నీ మొండి కత్తెర గూడ పారెయ్ బావా, సొరకాయను గూడ కొయ్యది."

దశరథం బ్యాగు తీసుకోవడానికి మేకుల వైపు నడిచాడు. రఘుపతి బట్ట మీద నుంచి కళ్ళెత్తలేదు. సాయంత్రం తన కత్తెరను జేబులోనే ఉంచుకుని, బల్ల కింది టిఫిను సంచి అందుకుని, గోడ వైపు చూడకుండా బస్సెక్కాడు.

డిండోలిలో దిగి, నాలుగడుగులు ఇంటి వైపు వేసి, వెనక్కి తిరిగాడు. డాక్టరమ్మ క్లినిక్‌లో కుర్చీ ఎక్కి మాస్కు తీశాడు, నోరు తెరిచాడు. ఆమె చిన్న అద్దంతో చూసింది, ఎక్స్‌రే తీసింది, మళ్ళీ చూసింది.

"గుంట లేదు కాకా. నీడే."

బయట బండి మీద పోంక్ కొన్నాడు. నిప్పుల్లో కాల్చి దులిపిన లేత జొన్నగింజలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. మాస్కును గడ్డం కిందికి లాగి, అక్కడే నిలబడి ఎడమవైపున తీరిగ్గా నమిలాడు. ఎంత తేలిక! చూడటమే కదా. నిన్నటి నుంచీ ఎందుకు భయపడ్డాడో తలుచుకుంటే నవ్వొచ్చింది.

ఆ ధైర్యంతోనే మర్నాడు షెడ్డులోకి వస్తూ నేరుగా గోడ వైపు చూశాడు.

దశరథం మేకు ఖాళీగా ఉంది.

అయితే తీసుకుపోయాడు. టిఫిను సంచి తగిలించడానికి రఘుపతి తన మేకు దగ్గరికి వెళ్ళాడు. దానికి ఒక కత్తెర వేలాడుతోంది. పిడికి పచ్చదారం చుట్టిన దశరథం కత్తెర. కొత్తగా సాన పట్టించిన అంచు మెరుస్తోంది. మొండిదాని బదులు తనకు ఇచ్చిపోయాడు; ఈసారి లైటు ఆర్పి, వాలుగా ఎత్తి చూడాల్సిన పని లేదు.

కాసేపు దాన్ని అరచేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత రెండడుగులు వేసి, సెలవు మీద పోయినవాడిదన్నట్టు దశరథం మేకుకు తగిలించాడు. జేబులోని తన మొండి కత్తెర తీసి బల్ల దగ్గరికి నడిచాడు.

ట్యూబులైటు వెలిగింది. గోడ మీద పచ్చదారం కత్తెర కొంచెంసేపు ఊగి, ఆగింది.