ఒక్క సూది

"పంజగుట్టల అఫ్జల్ డాక్టర్ ఉన్నడు. సూదేస్తడు, భుజం నొప్పి మాయమైతది. ఫికర్ జేయకు," అంది పక్కింటి నూరున్నీసా.

సూదంటే ఇంజక్షనే అనుకుంది నాగేశ్వరి. ఎవరైనా అదే అనుకుంటారు! పొడిపించుకుని చిటికెలో అమీర్‌పేటలో ఇంటికి వచ్చి పడొచ్చని, అత్తగారు సీతామహాలక్ష్మిని లోపల కూర్చోబెట్టి బయట తాళం వేసింది. మతి తప్పిన మనిషి మరి. ఒక పూట కొయ్యలా బిగుసుకుపోతుంది, ఇంకో పూట తలుపు తీసి ఉంటే రోడ్డెక్కేస్తుంది. ఆవిణ్ణి మంచం మీంచి లేపీ, దింపీ ఈ భుజం ఈ గతికొచ్చింది.

తీరా వచ్చి చూస్తే ఇది ఆక్యుపంక్చరట! ఒక్క సూది కాదు, బోర్లా పడుకోబెట్టి మెడ నుంచి మోచేతి దాకా సన్నసన్నవి గుచ్చుకుంటూ పోయాడా డాక్టరు. "ముప్పావుగంట కదలొద్దమ్మా," అని చెప్పి, శుక్రవారం కదా, నమాజుకి వెళ్ళిపోయాడు.

అప్పుడు తట్టింది నాగేశ్వరికి. సిలిండరు కట్టేసిందా? పాలు కాచింది, దింపింది. ఆ తర్వాత? ఎంత ఆలోచించినా గుర్తు రాదే! పొయ్యి కనిపిస్తే చాలు, మీట తిప్పి వదిలేస్తుంది ముసలావిడ.

కుర్చీ మీది సంచీలో ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. లేవబోతే భుజం కలుక్కుమంది.

"ఏమ్మాయ్! ఎవరున్నారక్కడ?"

క్లినిక్‌లో పనిచేసే సబా పరుగెత్తుకొచ్చింది.

"ఇవి తీసెయ్ తల్లీ, ఇంటికి పోవాలి!"

"అమ్మో, నేను ముట్టొద్దు ఆంటీ. డాక్టర్ సాబే తీస్తరు."

"పోనీ ఆ ఫోనైనా అందుకో!"

సబా సంచీ వెతుకుతున్నంతలో నాగేశ్వరి మనసులో ఓ మాట మెదిలింది. ఏదైనా అయిపోతే పీడ విరగడవుతుంది కదా! ఛీ, ఛీ, ఇంత పాపిష్టిదాన్నా నేను అని తనను తానే తిట్టుకుంది.

సబా ఫోను చెవి దగ్గర పెట్టింది. నూరున్నీసాయే.

"గ్యాసు వాసన వస్తోందా, చూడండి!" అంది నాగేశ్వరి.

"ఏం వాసన లేదు. కిటికీలకెల్లి చూస్తున్న, మీ అత్త మంచిగనే కూసుంది. గని ఒక్కతీరుగ ఏడుస్తుంది, మా అమ్మ ఏది, మా అమ్మ ఏది అని. గా అమ్మ ఎవరమ్మా?"

అత్తగారి తల్లి పోయి ఎన్నేళ్ళో అయింది.

"నేనేనండీ," అంది నాగేశ్వరి. "వచ్చేస్తున్నానని చెప్పండి." కళ్ళనీళ్ళు ముక్కు మీదుగా దిండులోకి కారుతుంటే తుడుచుకునే దారి లేదు.

అఫ్జల్ డాక్టరు వచ్చి నింపాదిగా ఒక్కొక్క సూదీ తీశాడు. "నొప్పి జర తగ్గిందా అమ్మా? మంచిది. కొన్ని దినాలు గీ చేత్తోని బరువు ఎత్తొద్దు."

నాగేశ్వరి అప్పటికే చెప్పులేసుకుంటోంది.

"మనిషి కూడా బరువు కిందికే వస్తుందా డాక్టరు గారూ?"